పెనుకొండ దగ్గర ఆగిన బస్సుకు కట్టిన సంగీతం

పదవీ విరమణకు ముందు ఏడాది, వేసవిలో నాకొక పని అప్పగించారు. అప్పటికి నేను ఒక రేడియో కేంద్రంలో స్వరకర్తను. రాయలసీమ రహదారి ప్రయాణం మీద, పాట లేకుండా పూర్తి వాద్యబృందం వాయించే రచన చేయాలి. మాది హిందూపురం. నాయన పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించేవాడు. ఎరిగిన దారి అదే కనుక వేరేది వెతక్కుండా మా ఊళ్లోనే ధర్మవరం బస్సెక్కాను.

పెనుకొండ దాటాక ఇంజన్ ఆగిపోయింది. ఇంకో బస్సు సాయంత్రానికేనని, నీడ చూసుకుని కూర్చోమని కండక్టర్ చెప్పాడు. నా పక్క సీటులో రమణమ్మ అనే ఆమె ఉంది. తాను నేసిన పట్టుచీరలు హిందూపురంలో అమ్ముకుని ధర్మవరం తిరిగి వెళుతోంది. కండక్టర్ మాట వినగానే లేచి కిందికి దిగింది.

“మగ్గం మీద చీర సగంలో ఉండాది. ఈడ కూసోని ఏడ్చేదానికి నాకు పొద్దు లేదు. దిగండప్పా, తోద్దాం!”

“బస్సంటే నీ మగ్గమనుకుంటివా?” అన్నాడు కండక్టర్.

“నా మగ్గమైతే ఇట్లా మొండికేసేది కాదులే.”

అందరూ నవ్వుతూ దిగారు. నేనూ చెయ్యి వేశాను. రేకు కాలిపోతోంది. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారి అందుకుంది. జనం వేసిన కేక పెనుకొండ కోట దాకా వినబడి ఉంటుంది.

తిరిగొచ్చి రచన మొదలుపెట్టాను. ముందు అన్ని వాద్యాల స్వరాలూ కలిసి కనబడేలా ఒక ప్రతి రాస్తాం. తరువాత ఎవరి భాగం వారికి విడిగా రాసిస్తాం. ఇంజన్ మొండితనాన్ని వయొలిన్ కన్నా మంద్రంగా పలికే చెల్లోలకు, తోసేవాళ్ల ఊపును డోళ్లకు ఇచ్చాను. ఇంజన్ అందుకునే చోట క్లారినెట్ లేస్తుంది.

రిహార్సల్ వినడానికి కార్యక్రమాధికారి వచ్చారు. హోదాలో నాకు పైవారు. ఆయన సంతకం లేనిదే ఏదీ ప్రసారం కాదు. రచన బాగుందన్నారు. “కానీ సీమ అంటే కరువు వినబడాలి కదండీ. మధ్యలో వయొలిన్ల మీద కాస్త విషాదం పెట్టండి.”

“నేనెక్కిన బస్సులో ఎవరూ ఏడవలేదు సార్.”

శ్రోతలు అదే ఆశిస్తారని ఆయన వాదన. కరువు నాకు తెలియనిది కాదు. దాని మీద రాయమంటే వేరే రచన చేస్తాను, ఇందులో మాత్రం చొప్పించనన్నాను. అయితే ప్రసారం ఉండదని చెప్పి వెళ్లిపోయారు.

మా ప్రధాన వయొలిన్ వాద్యకారుడు నెమ్మదిగా దగ్గరకొచ్చాడు. “నాలుగు వరుసలే కదా షంషాద్ గారూ, రాసిచ్చేయండి. వచ్చే ఏడాది రిటైరవుతున్నారు.”

“అందుకే రాయను,” అన్నాను.

ఆయన నన్నొకసారి చూసి, తన కుర్చీలోకి వెళ్లి వయొలిన్ కమాను ఎత్తాడు. మిగతావాళ్లూ వాద్యాలు అందుకున్నారు. రికార్డింగు దీపం వెలగలేదు. మొదటి నుంచి చివరి దాకా వాయించారు. క్లారినెట్ లేచే చోట ఇంకా గట్టిగా అని చేత్తో సైగ చేశాను.

ఆ రచన ఇప్పటికీ ప్రసారం కాలేదు. నాకు రావలసిన పదోన్నతీ రాలేదు. ఆ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇది: ప్రసారం ఆపే అధికారం పై అధికారిది. వినని ఏడుపును రాయకుండా ఉండే అధికారం స్వరకర్తది.