చిన్న రంపాన్ని సరిచేసింది నేనే

నా చిన్నప్పుడు జహీరాబాద్‌లో మా తాతను అందరూ మిషను మేస్త్రీ అని పిలిచేవారు. బొంబాయి రోడ్డు పక్కన ఒక సేటు కట్టెకోత మిషను నడిపేవాడు. ఇనుప బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం సగం పైకి లేచి తిరుగుతూ ఉండేది. దానికి పదును పెట్టడం, బిగించడం, కోయడం తాత పని. మా చిన్నాయన ఆయనకు తోడుగా ఉండేవాడు. మధ్యాహ్నం బడి వదలగానే ఇద్దరికీ జొన్నరొట్టెలు తీసుకెళ్లేదాన్ని నేను. అప్పుడు అయిదో తరగతి.

ఆ ఏడు బీదర్ వ్యాపారి ఒకాయన, అల్మారాల కోసం టేకు పొర అతికించిన ప్లైవుడ్ పలకలు పంపాడు. వాటిని కోస్తుంటే అడుగువైపు ఆ పలచటి పొర అంచు పొడుగునా పెచ్చులు లేచిపోయేది. తాత నాలుగు రోజులు ఆలోచించి ఒక ఉపాయం చేశాడు. పెద్ద రంపానికి ముందు అరచేయంత రంపం ఒకటి అమర్చాడు. అది బల్ల పైకి గోరు మందం మాత్రమే లేచేది. బెల్టును మెలితిప్పి తొడగడంతో పెద్దదానికి ఎదురు తిరిగేది. ముందు అది అడుగు పొరను చీరి గీత పెడితే, అదే గీతలో పెద్ద రంపం కోసేది. పొర లేచేది కాదు. అయితే రెండు రంపాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వరుసలో ఉండాలి.

తాత కళ్లకు అప్పటికే పొర కమ్మింది. ఆ సంగతి మా ఇంట్లో తప్ప బయట ఎవరికీ తెలియదు. తెలిస్తే సేటు ఆయన్ను మిషను దగ్గర నిలబడనివ్వడు. చిన్నాయనకు చూపు ఉంది గానీ ఓపిక లేదు.

ఒక మధ్యాహ్నం మిషను ఆపి, బెల్టు తీసేసి, తాత రెండు రంపాల పక్కన ఇనుప పట్టీ ఆనించి వేళ్లతో తడుముతున్నాడు. చిన్నాయన చాయ్‌కి వెళ్లాడు.

"జర ఇటు రా బిడ్డా. పట్టీకి, చిన్న రంపానికి నడుమ సందు కనబడుతుందా?"

వంగి చూశాను. దారమంత వెలుతురు కనిపించింది. చెప్పాను. తాత చిన్న రంపం వెనక కాగితం ముక్క పెట్టి మళ్లీ బిగించాడు. వెలుతురు సన్నబడింది. ఇంకో కాగితం పెట్టించాను. మూడోసారికి వెలుతురు లేదు. మళ్లీ బెల్టు తొడిగి, పనికిరాని పలక ఒకటి కోసి, ఆ అంచును తాత బొటనవేలితో నిమిరాడు. ఎక్కడా పెచ్చు లేదు. ఆయన నవ్వు చూసి నాకు గర్వంతో ఒళ్లు తెలియలేదు.

అంతలో సేటు వచ్చి ఆ అంచు చూశాడు. ఎవరు బిగించారని అడిగాడు.

"మా చిన్నోడు సేట్. నా తర్వాత మిషను వాడే చూసుకుంటడు" అన్నాడు తాత, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. అప్పుడే చాయ్ తాగి వచ్చిన చిన్నాయన తల వంచుకున్నాడు. ఆ తర్వాత పది పన్నెండు రోజులు, పదును పెట్టి రంపాలు బిగించినప్పుడల్లా, ఎవరూ లేనప్పుడు నేనే చూసి చెప్పాను.

ఒక సెలవు రోజు పొద్దున్నే బీదర్ వ్యాపారి స్వయంగా వచ్చాడు. సేటు చిన్నాయనను పిలిచి, తమ ముందే రంపం బిగించి చూపమన్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. చిన్నాయన చెమటలు కక్కుతూ బిగించాడు. మొదటి పలక అంచు లేచిపోయింది. రెండోదీ అంతే. మూడో పలక పాడవగానే సేటు ముఖం మారిపోయింది. నేను ఉండబట్టలేక లోపలికి అడుగుపెట్టాను.

"తాతా, నేను చూసి చెప్త."

తాత నా గొంతు వినబడిన వైపు తల తిప్పాడు. ఆయన రమ్మని ఒక్క మాట అంటే చాలు, పని నిలబడేది.

"ఇంటికి పో. ఆడపిల్లవు, నీకీడ ఏం పని?" అన్నాడు.

నేను ఇంటికి వెళ్లిపోయాను. కాసేపటికి వాళ్లిద్దరూ కూడా వచ్చేశారు. సేటు ఇద్దరినీ పని మాన్పించాడు. చిన్నాయన చెరుకు లారీలకు లోడు ఎత్తే పనికి కుదిరాడు. తాత మళ్లీ మిషను ముట్టుకోలేదు. ఆ రోజు గురించి ఆయన ఒకే ఒక్కసారి మాట్లాడాడు, అదీ మంచాన పడ్డాక. నేను నీళ్లు తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "నీ కన్ను మంచిదే బిడ్డా. అది మీ చిన్నాయనకు ఉండవలసింది" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అందుకే ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత నేను కుట్టుపని నేర్చుకుని బజారులో దుకాణం పెట్టాను. నా దగ్గర పనిచేసే ఆడపిల్లలు ఏ బట్ట కత్తిరించినా, అది ఎవరు కత్తిరించారో వచ్చినవాళ్లకు పేరు పెట్టి చెబుతాను. తాతను క్షమించానో లేదో ఇన్నేళ్లయినా నాకే తెలియదు. పొమ్మనగానే నోరు మూసుకుని వెళ్లిపోయిన ఆ పిల్ల మీద మాత్రం నాకు ఇంకా కోపం పోలేదు.