గుట్ట అవతలి రెహానా

హైదరాబాద్‌ల నేనుండే హాస్టల్ ముందర తోపుడుబండి మీద సీతాఫలాలు మగ్గుతుంటే, ఆ తియ్యటి వాసనకు మా ఊరి చిన్నగుట్ట గుర్తొస్తది. ఆ వెంటనే రెహానా మీద నాకున్న ఓర్వలేనితనం గూడ లేచి కూసుంటది.

మా ఇండ్లు గుట్టకు ఇవతల, రెహానా వాళ్ల నాలుగిండ్లు అవతల. ఇవతలంత ఎర్రదుబ్బ, తుమ్మచెట్లు. వాగు మాత్రం అవతలనే పారేది. తెలంగాణ వచ్చిన యేడు మేమిద్దరం మూడో తరగతి. నేను బోరింగు కాడ బిందె పెట్టుకొని మొఖం మాడ్చుకుంటుంటే, ఆమె మోకాళ్ల దాక తడిసిన సల్వారుతోని, చున్నీల మూటగట్టిన సీతాఫలాలతోని నవ్వుకుంట బడికొచ్చేది.

ఆ యేడు బతుకమ్మకు గునుగుపూలు తెద్దామని అవ్వ, మా నాయినమ్మ, నన్ను గుట్ట దాటిచ్చింది. పూలు ఏడ దండిగున్నయో రెహానా చూపెట్టింది. తిరిగొస్తుంటే పైన కొట్టిన వానకు వాగు ఒక్కసారి పొంగి, నడుమల ఉన్న అవ్వ కాలు జారింది. నేను ఒడ్డున పూలగంప పట్టుకొని ఏడుస్తున్న. రెహానా ఒక చేత్తోని చెట్టు వేరు, ఇంకో చేత్తోని అవ్వ కొంగు పట్టుకొని, వాళ్లమ్మ ఉరికొచ్చేదాక విడువలేదు.

ఆ రోజు సంది మా ఇంట్ల రొట్టెలు నలిపి మలీద చేస్తే, నెయ్యి, బెల్లం వాసన ఇల్లంత కమ్ముకున్నా, తొలి ముద్ద నాది కాకపాయె.

"ముందుగాల రెహానాకు ఇచ్చిరా. గా పిల్ల లేకుంటె నేనేడుందును?" అనేది అవ్వ.

వెచ్చటి డబ్బ సంకల పెట్టుకొని, కడుపు మండుకుంట గుట్టెక్కేదాన్ని.

నేను చదువుకు పట్నం వచ్చినంక గుట్టకు క్వారీ వచ్చింది. మొన్న దసరాకు పోయి చూస్తే గుట్ట సగమే ఉంది. సీతాఫలం చెట్లు లేవు, గునుగు లేదు, వాగు నిండ రాళ్లపొడే. అవ్వకు చూపు పోయింది, మంచం దిగుతలేదు.

"వాగు పారుతాందా బిడ్డా?" అని అడిగింది.

"ఏడి వాగవ్వా? పూడ్చిండ్రు," అన్న. అవ్వ గోడ దిక్కు తిరిగి పండుకుంది. అన్నం ముట్టలేదు.

పొద్దూకినంక రెహానా వచ్చి మంచం పట్టె మీద కూసుంటే, అవ్వ ఆమెనూ అదే అడిగింది.

రెహానా నా దిక్కు ఒకసారి చూసి, అవ్వ చెయ్యి పట్టుకుంది. "పారుతాందవ్వా. మోకాళ్ల లోతుంది. చాపపిల్లలు గూడ ఎక్కినయ్."

"గట్లనా," అని అవ్వ నవ్వింది. లేచి గోడకు ఒరిగి కూసోని, ఆకలైతాంది, జరంత అన్నం పెట్టుమంది.

పెట్టుమన్నది నన్ను కాదు.