రొయ్యల గుంట మట్టిలో నా వంగతోట

ఆ రోజుల్లో నల్లగా కనిపించే మట్టి ఏదైనా మంచి మట్టేనని నాకు గట్టి నమ్మకం. సంగంలో, పెన్న ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని కదా, అక్కడ చేయిజారి పడిన విత్తనం కూడా మొలకెత్తి కూర్చునేది. అలాంటి నన్ను తెచ్చి కోట అనే ఊరికి అవతల, సముద్రపు గాలి తగిలే ఊళ్ళో కాపురానికి పెట్టారు. మా ఆయనకు రొయ్యల గుంటల దగ్గర పని. (పెళ్ళిచూపుల్లో సూపర్‌వైజరు అన్నారు. అంటే గట్టు మీద టార్చిలైటు పట్టుకుని తిరిగే మనిషి అని కాపురానికి వచ్చాక తెలిసింది.) "ఉప్పునేలకి ఇస్తా ఉండా బిడ్డని. ఆడుండే మనుషులెట్టాంటోళ్ళో ఏమో" అంటూ మా నాయన మా అమ్మ దగ్గర కళ్ళు తుడుచుకోవడం పెళ్ళికి ముందు నేను తలుపు చాటు నుంచి చూశాను. ఆ మాట నా గుండెలో అలాగే ఉండిపోయింది. అందుకే నాయన ఫోను చేసినప్పుడల్లా కోతలు కోసేదాన్ని. "ఈడ నేల బంగారం నాయనా! పెరట్లో తోటేస్తా ఉండా. ఉగాదికి రా, మన చెట్టు వంకాయలే వండి పెడతా" అన్నాను. ఆ మాట అనేసే నాటికి పెరట్లో తెల్లటి ఇసుక, దాని మీద ఎండిన కొబ్బరి మట్టలు తప్ప ఏమీ లేవు.

మాఘమాసం వచ్చింది, చలి తగ్గింది, మొక్కలు నాటడానికి మంచి అదును. పైగా మా అత్తమ్మ, తన కూతురి కాన్పుకని గూడూరు వెళ్ళి ఉంది. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడిన ఆ కాస్తా కసిరినట్టు ఉంటుంది. 'ఆవిడ తిరిగొచ్చేసరికి పెరడంతా పచ్చగా చేసి, ఔరా అనిపించుకోవాలి' అని నేను కొంగు నడుముకు చుట్టాను. సరిగ్గా అప్పుడే మా ఆయన పనిచేసే చోట రొయ్యలు పట్టేసి, గుంట ఎండబెట్టి, అడుగునున్న నల్లమట్టిని ట్రాక్టర్లతో తోడి పారబోస్తున్నారు. ఆయనకు క్యారియరు తీసుకెళ్ళిన నేను ఆ మట్టిని చూసి అక్కడే నిలబడిపోయాను. పెన్న ఒండ్రుమట్టి కూడా దాని ముందు దిగదుడుపే అనిపించింది.

"ఒక ట్రక్కు మనింటికి తోలించు" అన్నాను.

"అది ఉప్పునీళ్ళ అడుగు మే. వాసనొస్తాది" అన్నాడాయన.

"రైతు బిడ్డకి మట్టి గురించి చెప్తావా?"

పాపం, కొత్త పెళ్ళాం నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక కాబట్టి సాయంత్రానికల్లా తోలించేశాడు. (అదేదో చీర అడిగి ఉంటే ఎంత బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.) మట్టి దిగిందో లేదో, వీధిలోని పిల్లులన్నీ మా పెరట్లో సభ పెట్టాయి. వాటి వెనక కాకులు, కాకుల వెనక కొంగలు. నేను ఒక చేత్తో కర్ర తిప్పుతూ, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మడులు చేసి, బోదెలు తీసి, నాయన పంపిన వంగనారు నాటాను. అంచుల వెంట బెండ విత్తనాలు పెట్టి, ఒక మూల గోంగూర చల్లాను. చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఫోటో తీసి నాయనకు పంపించాను కూడా!

నారు రెండు పూటలు నిలబడి, తర్వాత తలలు వాల్చేసింది. నీళ్ళు చాలలేదేమోనని బిందెలు బిందెలు పోశాను. ఎండ పడేసరికి మడుల మీద తెల్లగా ముగ్గు చల్లినట్టు పొర తేలింది. అదేదో తెగులనుకుని (నా తెలివి తెల్లారినట్టే ఉంది) దాని మీద బూడిద చల్లాను. బెండ మొలవలేదు, గోంగూర సంగతి ఇక అడగక్కర్లేదు. పిల్లులు మాత్రం బాగా ఒళ్ళు చేశాయి.

గూడూరు నుంచి అత్తమ్మ తిరిగొచ్చిన రోజే నాయన ఫోను. "ఉగాది దాకా ఎందుకు పాపా, రేపు పొద్దున బస్సుకే వస్తా ఉండా. నీ తోట చూడాలనుండాది." నా పైప్రాణాలు పైనే పోయాయి. అదే సమయానికి అత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోంచి వచ్చింది.

"ఏందిమే ఇది? గుంటలో పెంటంతా తెచ్చి ఇంట్లో కుమ్మరిచ్చినావు?"

అంతే, భోరుమన్నాను. నాయన దిగులు, నా కోతలు, రేపటి బస్సు, అన్నీ వెక్కిళ్ళ మధ్యే చెప్పేశాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాసేపు మడుల వైపు చూసి, "మొహం కడుక్కో పో" అని, వెనకింటి బూబమ్మక్క దగ్గరికి వెళ్ళింది. మా ఊళ్ళో రొయ్యలకు ఐసు వేసే థర్మాకోల్ పెట్టెల్లో ఎగువ ఊళ్ళ నుంచి తెచ్చిన మంచి మట్టి నింపి బూబమ్మక్క వంగచెట్లు పెంచేది. నిండా కాయలతో ఉన్న ఆ పెట్టెల్ని ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మోసుకొచ్చారు. అత్తమ్మ గునపం తీసి నా మడుల్లో గుంతలు తవ్వి, పెట్టెల్ని అంచులదాకా పూడ్చింది. తెల్లటి ఉప్పు కనపడకుండా పైన వరిగడ్డి పరిచింది. "మీ నాయన ముందర నువ్వు నోరెత్తబాకు. అంతా నేను చూసుకుంటా" అంది.

పొద్దున్నే నాయన బియ్యం మూటతో దిగాడు. మంచినీళ్ళైనా తాగకుండా నేరుగా పెరట్లోకి నడిచాడు. ఒక కాయను చేత్తో నిమిరాడు. తర్వాత వంగి, మడి అంచు నుంచి చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఏ కొత్త పొలానికి వెళ్ళినా ఆయన చేసే పని అదే, ఆ ఒక్కటీ నాకు గుర్తులేదు! ఆయన చెయ్యి తగిలి గడ్డి కాస్త జరిగింది, థర్మాకోల్ అంచు తెల్లగా బయటపడింది. నాయన గడ్డిని మెల్లగా మళ్ళీ దాని మీదికి సర్ది, "కాపు బాగుండాది" అని మాత్రం అన్నాడు.

అన్నంలోకి అవే వంకాయలు. అత్తమ్మ కొసరి కొసరి వడ్డిస్తోంది. మా ఆయన కంచంలోంచి తల ఎత్తడం లేదు. చెయ్యి కడుక్కున్నాక నాయన నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"అక్కా, ఒక మాటంటా, ఏమనుకోబాకండి. ఆ మట్టిలో ఏదీ మొలవదు. నోట్లో వేసుకుంటే చేదు ఉప్పు. ఆ చెట్లు పెట్టెల్లో ఉండాయి."

అత్తమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి అంది: "పిల్ల ఏడస్తా ఉంటే చూళ్ళేకపోయినానన్నా. మీ ముందర దాని మాట పోగూడదని నేనే చేసినా. దాన్నేం అనొద్దు."

"అనేదానికి కాదక్కా. దీన్ని ఇచ్చిన కాడ్నించి నాకు సరిగ్గా నిద్ర లేదు. కోడలి మాట నిలబెట్టేదానికి అత్తే గునపం పట్టింది, ఇంగ నాకేం దిగులు? ఈ పొద్దు ఇంటికి పొయ్యి నిద్రపోతా" అన్నాడు నాయన. అత్తమ్మ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కసిరే మనిషి కళ్ళు తుడుచుకోవడం నేను ఆ రోజే మొదటిసారి చూశాను.

ఇప్పుడు మిద్దె మీద నాకూ చిన్న తోట ఉంది. ఏటా మాఘంలో మట్టి కలుపుతూ కూర్చుంటే, ముక్కుకు గుడ్డ కట్టుకుని పిల్లుల్ని తరుముతూ, గంటకోసారి ఎండిన నారు దగ్గరికి పరుగెత్తే ఆ పిల్ల గుర్తొస్తుంది. దగ్గరికి పిలిచి, "పిచ్చిమొహమా, మీ నాయన చూడ్డానికొచ్చింది వంకాయల్ని కాదే" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే రకం కాదు లెండి.