ఆపను ఆపా

నాకు కోపం తొందరగా వస్తుంది, పోవడానికి మాత్రం తీరిక దొరకదు. ఈ సంగతి మా ఆయన పెళ్లైన ఏడాదికే కనిపెట్టి అప్పటి నుంచి జాగ్రత్తగా కాపురం చేస్తున్నాడు. పక్క క్వార్టర్లో ఉండే ఆపాకు తెలియడానికి మాత్రం తొమ్మిదేళ్లు పట్టింది.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైన్లో రెండేసి ఇళ్లకు నడుమ ఒకటే గోడ. ఇటు మేము, అటు ఆపా వాళ్లు. ఆమె నాకన్నా ఆరేళ్లు పెద్ద, అందుకే వాళ్ల ఉర్దూలో అక్కను పిలిచినట్టు ఆపా అనేదాన్ని. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు గానీ ఆమె చిన్నప్పుడు మందమర్రిలో తెలుగు బడిలో చదివింది, నాకంటే శుభ్రమైన తెలుగు రాస్తుంది. మా ఇద్దరి మధ్య గిన్నెలు ఎంతగా తిరిగేవంటే, ఏ గిన్నె ఎవరిదో ఇద్దరం మరిచిపోయాం. మొగుళ్లిద్దరిదీ ఒకే బొగ్గుబాయి, ఒకే షిఫ్టు. ఒకే బండి మీద డ్యూటీకి పోయేవాళ్లు.

బొగ్గుబాయి ఊళ్లలో ఒక కట్టుబాటు ఉంది. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటే చుట్టుపక్కల వాళ్లు మెల్లగా మసలుకోవాలి. కూరగాయల బండాయన కూడా ఆ ఇంటి ముందు గొంతు తగ్గిస్తాడు. ఎండాకాలంలో ఒకనాడు మిట్టమధ్యాహ్నం నేను ఆ కట్టుబాటు తప్పాను. కారం పట్టించే గిర్నీ దాకా పోవడానికి బద్ధకమేసి ఎండుమిరపకాయలు మిక్సీలో వేశాను. మా ఆయన లోపల పడుకునే ఉన్నాడు గానీ, ఆయన చెవి దగ్గర బాంబు పేల్చినా లేవడు.

ఆపా ముందు గరిటెతో గోడ మీద కొట్టింది. నేను ఆపలేదు. తర్వాత గుమ్మం దగ్గరికి వచ్చింది.

"చెల్లె, జర ఆపవా? ఆయనకు ఇప్పుడే కన్నంటుకుంది."

"మా ఆయన కూడ పండుకున్నడు. మీ ఆయనొక్కడే తవ్వుతున్నడా బొగ్గు?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అంతకు నెల ముందు వాళ్లాయన బండి జారిపడి భుజం దెబ్బతో దవాఖానలో ఉన్నాడు. నొప్పి తగ్గకుండానే మళ్లీ డ్యూటీ ఎక్కాడు. దవాఖానకు రోజూ చారన్నం తీసుకుపోయింది నేనే. అంటే తెలియక అన్న మాట కాదది, అంతా తెలిసే అన్నాను.

సాయంత్రానికి మా గిన్నెలు మా అరుగు మీద ఉన్నాయి. తోమి, బోర్లించి, ఖాళీగా. ఖాళీ గిన్నె తిరిగి పంపడం మా మధ్య అదే మొదటిసారి. అప్పటి నుంచి మాటలు బంద్. మొగుళ్లు మాత్రం ఏమీ జరగనట్టు ఒకే బండి మీద నవ్వుకుంటూ పోయేవాళ్లు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది.

దసరాకు బోనస్ వచ్చింది. ఆపాతో సహా లైన్లో సగం మంది ఒకే దుకాణంలో ఒకే రకం ఫోను కొన్నారు. నేనూ కొన్నాను, డిగ్రీ చదివే మా అమ్మాయికీ కొనిపెట్టాను. ఒకరోజు నేను చేసిన సకినాల ఫొటోను అమ్మాయి ఫోనుకు పంపబోతే, దగ్గర్లో ఉన్న ఫోన్ల జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపించింది. ఒకటి నొక్కాను. అవతలివాళ్లు వద్దన్నారని వచ్చింది.

"కన్నతల్లి పంపితే వద్దంటవా?" అని వంటింట్లోంచే అరిచాను.

"నాకేం రాలేదమ్మా. అది ఆపా ఫోన్. అందరి ఫోన్లకు కంపెనీ పేరే ఉంటె గిట్లనే అయితది. పేరు మార్చుకోవాలె."

సెట్టింగుల్లోకి పోయి ఎక్కడ మార్చాలో చూపించింది. మనకు తోచింది రాసుకోవచ్చట. చుట్టుపక్కల ఎవరైనా ఏదైనా పంపుదామని తెరిస్తే ఆ పేరు కనిపిస్తుందట.

"గోడవతలోళ్లకు కూడనా?" అని అడిగాను.

"వాళ్లకు కూడ."

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడికక్కడే "ఎవ్వరికి భయపడ" అని రాశాను. అమ్మాయి తల పట్టుకుంది.

రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు జాబితా తెరిస్తే, అంతకుముందు కంపెనీ పేరు ఉన్న చోట "మిక్సీకి మేం భయపడ్డం" అని ఉంది. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. నా పేరు "చెవుల దూది పెట్టుకో" అని మార్చాను. తెల్లారేసరికి అటు నుంచి "అంగట్ల దూది అయిపోయింది".

ఇక అన్నం పొయ్యి మీద పెట్టి ఫోను, పప్పు దించి ఫోను. ఆరు నెలలుగా మొహం చూసుకోని వాళ్లం రోజుకు రెండు పేర్లు మార్చుకుంటున్నాం. గోడవతల ఆమె నవ్వు వినిపించిన రోజు నాకు రెండు ముద్దలు ఎక్కువ దిగేవి. ఒకరోజు నేను కావాలనే ఉత్త మిక్సీ తిప్పాను. వెంటనే "మిక్సీ ఆపు" అని వచ్చింది. నేను ఊరుకుంటానా? "ఆపను ఆపా" అని కొట్టాను.

పది నిమిషాలకు ఆమె ఫోను పేరు మారింది. "ఆపా అన్నవ్ కదా".

చూసుకుంటే నిజమే. అన్ని నెలల తర్వాత ఆ పిలుపు నా వేళ్లలోంచి వచ్చేసింది. అప్పుడే లేచి పోయుంటే కథ అయిపోయేది. కానీ నా పొగరు ఊరుకోదు కదా, "నోరు జారింది" అని మార్చాను. అంతే, ఆమె ఫోను మళ్లీ కంపెనీ పేరుకు తిరిగిపోయింది. వారం రోజులైనా మారలేదు.

ఆ శుక్రవారం మా ఆయన అన్నం తింటూ అన్నాడు. "పక్కింటి భాయ్‌కి మందమర్రి ట్రాన్స్‌ఫర్ అయింది. ఎల్లుండి సామాన్లు లేపుతరు."

నేను కంచం పక్కకు నెట్టాను. మందమర్రి ఏమంత దూరం కాదు, పైగా ఆమెకు పుట్టినూరు. నా భయం అది కాదు. లారీ కదిలిపోతే మిక్సీ నాడు నేనన్న ఆ మాట నా దగ్గరే ఉండిపోతుంది. గోడే లేకపోయాక ఏ పేరు పెట్టుకుంటే ఎవరు చూస్తారు?

శనివారం పొద్దున వాళ్ల గేటు దాకా రెండుసార్లు పోయి వచ్చాను. కాళ్లు వచ్చాయి గానీ నోరు రాలేదు. ఇంట్లోకొచ్చి కూర్చుని ఫోను పేరు మార్చాను. "తప్పు నాదే".

జాబితా తెరిచి చూస్తూ కూర్చున్నాను. ఆమె ఫోను కనిపించలేదు. ఇంతలో మా ఆయన రెండు గ్లాసుల చాయ్‌తో వంటింట్లోంచి వచ్చాడు. ఆయన చాయ్ పెట్టడం నేను అంతవరకు చూడలేదు.

"పెండ్లైన ఇరవై రెండేండ్లకు ఒప్పుకున్నవ్" అన్నాడు మెల్లగా. "నేను ఎవ్వరికి చెప్ప."

అమ్మాయికి ఏదో ఫొటో పంపబోయి నా ఫోను పేరు చూశాడట.

"అది మీకు కాదు" అన్నాను.

"ఎవరికైతేంది. నేనైతే తీసుకున్న."

అమ్మాయి నవ్వలేక కింద కూర్చుంది. నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వస్తుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. ఆపా. చున్నీ నిండా సామాన్లు కట్టిన దుమ్ము, చేతిలో ఫోను.

"ఏందే అది? జల్ది మార్చు. లైనంత చూస్తది" అంది.

"చూడనీ ఆపా. నిజమే కదా."

"నిజమైతే మాత్రం? నీ తప్పు నాకు తెలిస్తె చాలు. లైనుకెందుకు?"

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. ఆమె నా పక్కన కూర్చుని, చల్లారిపోతున్న నా చాయ్ తాగేసి, నా చేతిలోంచి ఫోను లాక్కుంది. కళ్లద్దాలు లేక దాన్ని దూరంగా పెట్టుకుని ఒక్కో అక్షరం వెతికి నొక్కింది. ఏం రాసిందో చూపించకుండా నా ఒళ్లో పడేసి, "లే, గిన్నెలు కట్టాలె" అంది.

ఆ రోజంతా వాళ్లింట్లోనే ఉన్నాను. వాళ్లాయనకు కూడా తప్పయిందని చెప్పాను. "నాకు నిద్రల ఏం వినవడలే చెల్లె" అన్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం లారీ వెళ్లిపోయాక ఫోను పేరు చూసుకున్నాను. "ఆపా చెల్లె" అని ఉంది. ఆ తర్వాత నేను దాన్ని మార్చలేదు. ఇప్పుడు బస్సులో గానీ, బ్యాంకులో గానీ పక్కనున్న వాళ్లెవరైనా ఏదో పంపుదామని ఫోను తెరిస్తే, ముక్కూ మొహం తెలియని వాళ్లకు కూడా నేను ఎవరి చెల్లెనో తెలిసిపోతుంది.