రాస్తే చాలదు, రాసివ్వాలి

సంతకం లేనిదే గిడ్డయ్య సార్ ఎవరి దగ్గరా చుక్క కూడా పుచ్చుకోడు. చుక్కంటే అచ్చంగా చుక్కే, వాక్యం చివర పెట్టేది.

కడపలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. తెలుగు రాతను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, చూపులేనివాళ్ల కోసం ఊరికే పంచుతున్నాడు. ఎవరైనా దాని లోపలికి తొంగి చూడొచ్చు, తప్పులుంటే దిద్దొచ్చు. అయితే దిద్దినవాళ్లు ఆ దిద్దుబాటు మీద కాపీరైటు సార్ పేరిట కాగితం మీద రాసివ్వాలి. "రాస్తే సాలదప్పా, రాసియ్యాల" అంటాడు.

ఒకసారి బనగానపల్లె నుంచి బసవరాజ్ అనే లెక్చరరు ఫోన్ చేశాడు.

"సార్, మీ దాంట్లో యాడో ఒక చుక్క ఎక్కువ పడిండాది."

"యాడో చెప్పొద్దు! ముందు వచ్చి సంతకం పెట్టు."

"చుక్క కోసం కడపకు బస్సెక్కల్లా?"

"ఎక్కు. వచ్చేటప్పుడు మామిడిపండ్లు తీస్కరా."

బసవరాజ్ మళ్లీ ఫోన్ చేస్తే ఒట్టు.

సాఫ్ట్‌వేర్‌కు 'పలుకు' అని పేరు చెప్పిన పాపానికి భార్య రామేశ్వరమ్మ ముందూ కాగితం పెట్టాడు. "పెండ్లిలో మా నాయన నన్నే రాసిచ్చె. ఇంగేం మిగిలుండాదని?" అంటూ ఆమె పిండి చేత్తోనే గీకి పారేసింది.

ఇలాంటి మనిషి దగ్గర ఎవరు నిలుస్తారు? ఊరికే పని చేయించుకుని హక్కులు మింగుతున్నాడని తిట్టుకుంటూ ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలింది వేంపల్లె శిరీన్ ఒక్కతే. ఆమె తమ్ముడికి చూపు లేదు. వాడి పేరును 'పలుకు' ఎప్పుడూ "పిరోజు" అనే చదివేది. వాడు నొచ్చుకోవడం చూడలేక, కంటిమీద కునుకు లేకుండా కష్టపడి దానికి 'ఫ' పలకడం నేర్పింది. తీరా సార్ కాగితం తీశాడు.

"మా తమ్ముని పేరు గూడా మీకే రాసియ్యాల్నా సార్?"

"పేరు వాన్నే పెట్టుకోమను పాపా. నాకు 'ఫ' సాలు."

కడుపు మండినా సంతకం పెట్టింది.

తర్వాత శిరీన్‌కు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. బండల పాలిష్ దుమ్ముకు ఊపిరి చెడి తండ్రి అల్లా బాషా మంచం పట్టాడు. ఇల్లంతా ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే హైదరాబాదు కంపెనీ ఒకటి, ఆ 'ఫ' పలికించే భాగం మాది, దొంగిలించారు అంటూ సార్ ఇంటికి లాయరు నోటీసు పంపింది. శిరీన్ సొంతంగా రాసిందే అది. కానీ కేసులో పేరున్న పిల్లను ఎవరు పనిలో పెట్టుకుంటారు? సంగతి తెలియగానే ఏడుస్తూ కడపకు పరుగెత్తింది.

సార్ హైదరాబాదు ప్రయాణానికి సంచి సర్దుకుంటున్నాడు.

"సార్, నోటీసులో నా పేరు..."

"నీ పేరు యాడుండాది పాపా? నువ్వు రాసిచ్చినావు గదా. పొలం రాయించుకున్నోనికే దాని తగువు గూడా."

పక్కనే ఉన్న రామేశ్వరమ్మ శిరీన్‌కు చెప్పింది: "దీనికి ముందర ఇంగోటి చేసినాడు లేమ్మా. దాంట్లో సుంకన్న అని ఒక పిల్లోడు సాయం చేసె. నోటీసు వాని పేర్న వచ్చె. ఉన్న పని పాయ, ఊరిడిసి పాయ. ఆ పొద్దు పట్టుకునింది ఈయనకు ఈ సంతకాల పిచ్చి."

ఇన్నాళ్లూ మనసులో ఎంత తిట్టుకుందో తలుచుకుని శిరీన్ సిగ్గుతో చచ్చిపోయింది.

"గెలుస్తామా సార్?"

"ఏమో పాపా. వాళ్లకు శానామంది లాయర్లుండారు. ఓడితే నేనొక్కన్నే ఓడిపోతా. నువ్వు బెంగళూరికి పో."

"రాసింది నేను. ఈ కేసు నాది. నేనూ వస్తా."

"నీదెట్లయితాది? నీది కావాల్నంటే నేను తిరిగి రాసియ్యాల. నేను సంతకం పెట్టను, పో!"

ఏడుపు రావలసిన చోట శిరీన్‌కు నవ్వొచ్చింది. ఆయన చేతిలోని సంచి లాక్కుని స్టేషను దారి పట్టింది.