విశ్వకర్మ పూజ నూనె

ఖరగ్‌పూర్ వెయిటింగ్ రూములో నా చేతిలోని తలుపు లాక్ చూసి పక్కనున్న పెద్దాయన చెయ్యి చాచాడు.

"అంబాసిడర్‌దేనా? ఇలాగియ్యండి బాబూ. ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్ళు చేసినాను."

అది మా పాత కారు వెనక తలుపుది. రెండు నెలల క్రితం ఆసుపత్రి గేటు ముందు ఆ తలుపు తెరుచుకోలేదు, అవతలి వైపుదీ బిగుసుకుపోయింది. లోపల నా భార్య ఊపిరందక అద్దం మీద కొడుతూనే ఉంది. ముందు సీటు మీదుగా బయటికి లాగేసరికి ఆలస్యమైపోయింది. తర్వాత ఆ లాక్ ఊడదీసి సంచిలో వేసుకుని తిరుగుతున్నాను. ఎవరికి చూపించాలో, చూపించి ఏం చేయాలో తెలియదు.

ఆయన పిన్నీసుతో లోపలి నల్లటి బంక గీకి, రుమాలుతో తుడిచి, జేబులోని పెన్సిలు ముల్లు అరగదీసి, గొళ్ళెం జారడానికి ఆ పొడి లోపల రాల్చాడు. నొక్కితే గొళ్ళెం టక్కున కదిలింది.

"లాకు సెడిపోలేదు బాబూ. ఇశ్వకర్మ పూజకి దీపం నూనె పోసినారు ఇందులోన. ఇదిగో, కుంకం కూడా ఉన్నాది. దుమ్ము పడితే నూనె బంకైపోద్ది. ఎవులు పోసినారేటి?"

నా భార్య వద్దంటున్నా ఏటా ఆ రోజు కారుకి పూజ చేసి నాలుగు తలుపులకూ నూనె పోసింది నేనే.

"ఎవరో మిస్త్రీ" అన్నాను.

"మరింక పొయ్యొద్దని సెప్పండి ఆడికి" అని లాక్ నా చేతిలో పెట్టి, తన రైలుకి వెళ్ళిపోయాడు.

నేను దాన్ని నొక్కుతూ కూర్చున్నాను. నొక్కిన ప్రతిసారీ తెరుచుకుంది.