స్కేలున్న చేప

ఆ రోజుల్లో నాకు తెలియని ఇంగ్లీషు మాట లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు; అప్పుడు నిజంగానే అలా నమ్మేదాన్ని. ఇంటర్ పరీక్షలు రాసి, కళింగపట్నంలో మా మామ్మ (నాన్న తల్లి) ఇంట్లో వేసవి గడుపుతున్న పిల్లకి అంత నమ్మకం ఎక్కడిదంటే, బడిలో ఇంగ్లీషు వ్యాసరచన పోటీలో గెలుచుకున్న స్టీలు గ్లాసు నుంచి వచ్చింది. ఆవు గురించీ, క్రమశిక్షణ గురించీ, వార్తాపత్రికల ఉపయోగాల గురించీ ఇంగ్లీషులో ఎక్కడా ఆగకుండా చెప్పగలిగేదాన్ని. ఈ మూడూ కాని సంగతులు కూడా మనుషులు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు. ఇప్పుడు పత్రికాఫీసులో ఇతరుల అనువాదాలు దిద్దే ఉద్యోగం చేస్తూ, ఒక్కో మాటకి రెండేసి నిఘంటువులు తిరగేస్తుంటే, ఆ పిల్ల ధీమా మీద కాస్త అసూయ కూడా కలుగుతుంటుంది.

ఆ వేసవిలో మా ఊరి బడి గోడలకి రంగులు వేయడానికీ, పిల్లలకి ఇంగ్లీషు నేర్పడానికీ అమెరికా నుంచి కొందరు ఆడపిల్లలు వచ్చారు. అందరూ నా కంటే ఒకటి రెండేళ్ళు చిన్న. అందరూ యూదుల పిల్లలు. సేవ చేయడంతో పాటు తమ దేవుడి గురించి, తమ గురించి తీరిగ్గా ఆలోచించుకోవడానికి కూడా ఈ ప్రయాణం పెట్టుకున్నారట. వాళ్ళకి దుబాసీ కావాలని హెడ్మాస్టరుగారు మా ఇంటికొచ్చి, "ఇంగ్లీషు మాట్లాడగలవా అమ్మా?" అని అడిగారు. "ఎంతసేపు మాట్లాడాలండీ?" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఈలోగా లోపలి నుంచి మా మామ్మ చేతిలో చీపురుతో పరుగెత్తుకొచ్చింది. ఆవిడ పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆదివారం బాప్టిస్టు చర్చి తప్పని మనిషి. "ఏటి మాస్టారూ, యూదులా? ఇశ్రాయేలోళ్ళేనా? ఎర్ర సముద్రం దాటినోళ్ళు మన సముద్రం సూడ్డానికి వస్తన్నారా?" అంది. వాళ్ళ మునిముని మనవరాళ్ళై ఉంటారని హెడ్మాస్టరుగారు జాగ్రత్తగా సర్దిచెప్పారు. మామ్మకి ఆ తేడా పెద్దగా పట్టలేదు. ఆ సాయంత్రమే ఇల్లంతా సున్నం వేయించింది.

వాళ్ళ మకాం ఊరి చివర తుఫాను షెల్టరులో. అమెరికా పిల్లలనగానే ఊరి కుర్రకారు ఏవో ఊహించుకుని బస్సు దగ్గర కాపు కాశారు గానీ, దిగిన పిల్లలందరూ పాదాల దాకా పరికిణీల్లాంటివీ, మోచేతులు దాటిన చొక్కాలూ వేసుకున్నారు. "నీకంటే పద్ధతిగా ఉన్నారే," అంది మామ్మ నాతో, అందరూ వినేలా. ఉదయం లేవగానే వాళ్ళు సముద్రానికి వీపు పెట్టి, పడమటి వైపు తిరిగి, పుస్తకాలు పట్టుకుని ప్రార్థన చేసుకుంటూ మధ్యమధ్య నడుము వంచేవారు. వాళ్ళ పుణ్యనగరం అటే ఉందట. షెల్టరుకి సరిగ్గా పడమట, నాకు వరసకి బావయ్యే ఒకతని టీ కొట్టుంది. ఆ దండాలు తనకేననుకుని అతను రోజూ గరిటె పక్కన పెట్టి, చేతులు జోడించి, అంతే వినయంగా వంగేవాడు. (నిజం చెప్పాల్సిన బాధ్యత దుబాసీగా నాదే. కానీ అతను అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.)

ఆ పిల్లల్లో ముఖం నిండా గోధుమరంగు చుక్కలున్న ఒక పిల్ల పేరు రేచల్. మామ్మ పేరు రాహేలమ్మ. రెండూ ఒకటేనని నేను చెప్పగానే మామ్మ మొహం చిట్లించింది. "రేచలేటి, రేచలు! ఆ పేరుని అలాగ పాడు సేయొద్దని సెప్పు. రాహేలు అని నోరారా పలకమను." నేను భయపడుతూనే చెప్పాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, వాళ్ళ ప్రార్థన భాషలో తన పేరు ఇంచుమించు అలాగే పలుకుతారనీ, ఇంటి దగ్గర వాళ్ళ నాయనమ్మ తనని అలాగే పిలుస్తుందనీ చెప్పింది. ఇక మామ్మని పట్టడం ఎవరి తరమూ కాలేదు. "నా పేరుగల్ది" అని ఊరంతా చెప్పుకుంది. తన పేరుగల్ది వెళ్ళిపోయేలోగా తన చేతి వంట ఒక్క ముద్ద తినాలి. అదే ఆవిడ కోరిక. ఆ కోరిక నెరవేర్చే పని నా మీద పడింది.

మొదటి ప్రయత్నంలో మామ్మ రొయ్యలు వేపింది, పీతలు పులుసు పెట్టింది. గిన్నెలు మోసుకుని ఇద్దరం షెల్టరుకి వెళ్ళాం. పిల్లలు చుట్టూ మూగి వాసన బాగుందన్నారు గానీ చెయ్యి పెట్టలేదు. వాళ్ళని తీసుకొచ్చిన పెద్దక్క (ఆవిడని అందరం అలాగే పిలిచేవాళ్ళం) నన్ను పక్కకి పిలిచి, రొయ్యలూ పీతలూ వాళ్ళ మతంలో నిషిద్ధమనీ, చేపైతే తింటారనీ, కానీ ఆ చేపకి ఫిన్సూ స్కేల్సూ ఉండాలనీ, అదీగాక బయటి ఇళ్ళ గిన్నెల్లో వండినవి తినరనీ ఎంతో మర్యాదగా, నెమ్మదిగా చెప్పింది. గిన్నెల మాట నాకు వెంటనే అర్థమైంది. వెంటనే అనువదించాను. ఆ వేసవి మొత్తంలో నేను తప్పుగా అనువదించి ఉండాల్సిన మాట అదొక్కటే, దాన్నే అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. మామ్మ గిన్నెల మీద మూతలు పెట్టేసింది. "మా గిన్నె పనికిరాదా?" అని మాత్రం అంది. ఆవిడ చిన్నప్పుడు కొన్ని వీధుల్లో దాహమేస్తే దోసిట్లోనే నీళ్ళు పోసేవారు. చెంబు ముట్టనిచ్చేవారు కాదు. దారిపొడవునా గిన్నెలన్నీ నాకివ్వకుండా తనే మోసింది. పీతల పులుసు ఆ రాత్రి టీ కొట్టు బావ తిన్నాడు.

మర్నాటి నుంచి మామ్మ షెల్టరు వైపు వెళ్ళడం మానేసింది. చుక్కల పిల్ల రోజూ "మామ్మ?" అని అడిగేది. నేను "మామ్మ, ఫీవర్" అనేదాన్ని. వాళ్ళు తిరిగి వెళ్ళే రోజు దగ్గర పడుతోంది. ఇక ఈ వ్యవహారం నేనే చక్కబెట్టాలని తేల్చుకున్నాను. ముందు చేప సంగతి తేలిస్తే, గిన్నె సంగతి దానంతటదే తేలుతుంది. ఫిన్సంటే ఏమిటో తెలియలేదు. పిన్నీసుల్లాంటి ముళ్ళై ఉంటాయి, చేపకి ముళ్ళెలాగూ ఉంటాయి. స్కేలంటే మాత్రం చిన్నపిల్లకైనా తెలుసు. జామెట్రీ బాక్సు పక్కన పెట్టుకునేది.

"చేపని స్కేలెట్టి కొలవాలట మామ్మా. ఇంత పొడుగుంటేనే తినాలని వాళ్ళకి రూలు," అన్నాను. అలకలో ఉన్నా మామ్మ చెవి అటే ఉంది. కాసేపు ఆలోచించింది. "అవునే, ఉంటాది. ఓడ కట్టమన్నప్పుడు దేవుడు మూరల లెక్కే సెప్పినాడు. గుడికీ మూరల లెక్కే. సేపకి మాత్రం కొలత ఎందుకుండదు?" అంది. బైబిలు వాక్యం అంత గట్టిగా నా వైపు నిలబడ్డాక నాకు ఇంకేం కావాలి? పక్కింటి పిల్లాడి చెక్క స్కేలు పట్టుకుని ఒడ్డుకి బయలుదేరాను.

పడవలు అప్పుడే వచ్చాయి. నేను ఒక్కో బుట్ట దగ్గరా కూర్చుని, చేపని తిన్నగా పడుకోబెట్టి, తల నుంచి తోక దాకా కొలుస్తుంటే చేపలమ్మే ఆడవాళ్ళు పని ఆపి చూశారు. "ఏటే, దానికి జాకెట్టు కుడతావేటి?" అంది ఒకావిడ. "పెళ్ళి సంబంధమేమోనే, ఒడ్డూ పొడుగూ సూస్తన్నాది," అంది ఇంకొకావిడ. "మీకు తెలీదు అత్తా, ఇది అమెరికా పద్ధతి," అని జవాబు చెప్పి నా పని నేను చేసుకున్నాను. కవళ్ళు అనే చిన్న చేపలు స్కేలులో సగానికి రాలేదు. తీసి పక్కన పెట్టాను. చివరికి వెండి బెల్టులా తళతళలాడే పొడుగాటి చేప ఒకటి దొరికింది. స్కేలు దాని నడుము దాకా కూడా రాలేదు. ఇంతకంటే స్కేలున్న చేప బంగాళాఖాతంలో ఉండదనుకున్నాను.

నేరుగా షెల్టరుకి వెళ్ళాను. పిల్లలందరూ బడి గోడకి వేయాల్సిన రంగులు కలుపుకుంటున్నారు. ఒక చేత్తో చేపనీ, ఇంకో చేత్తో స్కేలునీ ఎత్తి పట్టుకుని, వ్యాసరచన బహుమతి అందుకున్న రోజున నిలబడ్డట్టే తల ఎత్తి నిలబడి, "ఫిష్ విత్ స్కేల్, మేడమ్!" అన్నాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. పెద్దక్క చేపని చూసింది, స్కేలుని చూసింది, నన్ను చూసింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చుక్కల పిల్ల ఆ పాటి కష్టం కూడా పడలేదు. రంగు డబ్బా పక్కనే కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. నవ్వడం అయ్యాక లేచి, నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకి లాక్కుపోయింది. ఒక బుట్టలోని కవళ్ళలోంచి ఒకటి తీసి, గోటితో ఒంటి మీద చిన్నగా గీసి, ఊడొచ్చిన పొలుసుని నా స్కేలు మీద అంటించింది. "స్కేల్," అంది, చెక్కని చూపిస్తూ. "స్కేల్," అంది, పొలుసుని చూపిస్తూ. నేను మోసుకెళ్ళిన ఆ వెండి చేపకి తల నుంచి తోక దాకా ఒక్క పొలుసు కూడా లేదు. జాకెట్టు అత్త బుట్ట మీద తల వాల్చి నవ్వుతోంది. ఏడవాలా నవ్వాలా అని ఒక్క క్షణం చూసుకుని, నేనూ నవ్వేశాను.

ఆ నవ్వులోనే ఇద్దరం మామ్మ దగ్గరికి వెళ్ళాం. సంగతి విని మామ్మ నెత్తి కొట్టుకుంది. "పొలుసా! ఓసి నా మతిమండా, రెక్కలూ పొలుసులూ అని వాక్యంలో ఎన్నిసార్లు సదివినానే! నువ్వు స్కేలన్నావు, నేను మూర అన్నాను. ఇద్దరికిద్దరం!" అంది. నవ్వింది గానీ వెంటనే మొహం తిప్పేసుకుంది. గిన్నె ఇంకా గుర్తుంది. చుక్కల పిల్ల అది కనిపెట్టింది. అరుగు మీద మామ్మ పక్కనే కూర్చుని, నన్ను చెప్పమని, మెల్లగా మొదలెట్టింది. వాళ్ళింట్లో పాలకి వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు. ఒకసారి పాల చెంచా మాంసం గిన్నెలో పెట్టినందుకు వాళ్ళ నాయనమ్మ తనని వంటింట్లోంచి బయటికి గెంటింది. "ఈ ఇంటి గిన్నె తక్కువని కాదు మామ్మా. మా ఇంట్లో గిన్నెలే ఒకదాన్నొకటి ముట్టుకోకూడదు."

నేను చెప్పింది విని మామ్మ నెమ్మదిగా తల తిప్పింది. "అంటే మీ గిన్నెలకి మీ గిన్నెలే పడవా?"

"పడవట."

"తోటికోడళ్ళన్నమాట!" అంది మామ్మ, మొహం విప్పారిపోయి. ఆ మాట అనువదించడానికి నాకు చాలాసేపు పట్టింది. (తోటికోడళ్ళు లేని దేశం నుంచి వచ్చిన పిల్లకి ముందు తోటికోడలంటే ఏమిటో చెప్పాలి కదా.) ఈలోగా మామ్మ అసలు సంగతికి వచ్చేసింది. "మరి ఎవులూ ముట్టని కొత్త కుండైతేనో? అడుగు."

అడిగాను. చుక్కల పిల్ల పెద్దక్కని అడిగింది. పెద్దక్క ఫోనులో వాళ్ళ మత గురువుని అడిగింది. మామ్మ కుండ అర్హత గురించి సముద్రాలకి అవతల ఒకాయన తీర్పు చెబుతుంటే మేమందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కొత్త మట్టికుండ పనికొస్తుంది. చేప పొలుసు కళ్ళారా చూడాలి. కత్తి వాళ్ళదే వాడాలి. పొయ్యి మాత్రం వాళ్ళ పిల్లే వెలిగించాలి. మామ్మ అన్నిటికీ తలూపింది, చివరి దానికి తప్ప. "అది పొయ్యి ఎలిగిస్తాదా? సరే, సూద్దాం."

చుక్కల పిల్ల తాటాకుల పొయ్యి ముందు కూర్చుంది. మంట తప్ప అన్నీ వచ్చాయి. పొగ వచ్చింది, దగ్గు వచ్చింది, మసి వచ్చి ముఖం మీది చుక్కలన్నీ కలిపేసింది. "ఊదు నా తల్లీ! బుగ్గలు పొంగించి ఊదు! కొవ్వొత్తి ఆర్పినట్టు కాదే, ఎలిగించినట్టు ఊదు!" అని మామ్మ తెలుగులోనే చెబుతోంది. ఆ పిల్ల ఇంగ్లీషులోనే సరే అంటోంది. నన్నెవరూ పట్టించుకోవడం లేదు. చివరికి మంట లేచింది. ముగ్గురం ఒకేసారి కేక పెట్టాం.

విస్తళ్ళు వేసి కవళ్ళ పులుసూ అన్నమూ వడ్డించాక పిల్లలు చేతులు కడుక్కుని కూర్చున్నారు. మామ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. చుక్కల పిల్ల కళ్ళు మూసుకుని వాళ్ళ భాషలో ఏదో చిన్న ప్రార్థన చదివింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మామ్మ నా వైపు చూసింది, చెప్పమన్నట్టు. నేను జీవితంలో మొదటిసారి, "తెలీదు మామ్మా," అన్నాను. అప్పుడే ప్రార్థన ముగిసింది. పిల్లలందరూ "ఆమెన్" అన్నారు. గుమ్మంలోంచి మామ్మ కూడా "ఆమెన్" అంది. ఇద్దరు రాహేళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ఒక్క మాటకి దుబాసీ అవసరం పడలేదు.

మొదటి ముద్దకే ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది కారమో, మరేదో నేను అడగలేదు. "బాగున్నాది మామ్మా," అని అచ్చం మా ఊరి యాసలో అని, మళ్ళీ వడ్డించమని ఆకు చూపించింది. మామ్మ వడ్డించింది.

వాళ్ళు వెళ్ళిపోయాక చాలా రోజులు టీ కొట్టు బావ ఉదయం పూట ఖాళీ షెల్టరు వైపు చూసి ఓసారి వంగి, తర్వాతే పాలు పొయ్యి మీద పెట్టేవాడు. బడి గోడ మీద చుక్కల పిల్ల వేసిన పెద్ద చేపకి పొలుసులన్నీ ఒక్కొక్కటిగా దిద్ది ఉంటాయి. దాని రెక్కలో ఎవరికీ అర్థం కాని చిన్న చెక్క స్కేలు ఒకటి ఉంటుంది. మామ్మ ఆ కుండలో మళ్ళీ ఏదీ వండలేదు. అటక మీద బోర్లించి, "రాహేలు కుండ" అని అందరికీ చూపించేది. ఏ రాహేలుదని ఎవరూ అడగలేదు. ఇప్పుడు మామ్మ లేదు.

స్కేలు మాత్రం నా బల్ల మీదే ఉంది. (పక్కింటి పిల్లాడికి కొత్తది కొనిచ్చాను.) పొలుసు ఎప్పుడో రాలిపోయింది. ఈ కంప్యూటర్ల కాలంలో ఇదెందుకు మేడమ్ అని కొత్తగా చేరిన పిల్లలు అడిగితే, "చేపలు కొలవడానికి," అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను మళ్ళీ నిఘంటువు తెరిచి, బాగా తెలుసనుకున్న మాటనే ముందు వెతుక్కుంటాను. ఆ వేసవిలో స్టీలు గ్లాసు గెలిచిన పిల్ల ఈ పని చేసి ఉంటే, సరైన చేప తీసుకుని సరైన మాట చెప్పి ఉండేది. ఎవరూ అంతలా నవ్వి ఉండేవారు కాదు. ఆ నవ్వు లేకపోతే చుక్కల పిల్ల మా అరుగు ఎక్కేదో లేదో. అందుకే అప్పుడప్పుడు ఆఫీసులో ఎవరూ చూడకుండా, ఒక చేత్తో స్కేలు ఎత్తి పట్టుకుని, రెండో చేతిలో చేప ఉన్నట్టే తల ఎత్తి నిలబడి చూస్తాను. అప్పటి ధీమాతో నిలబడడం మాత్రం ఇప్పుడు అంత బాగా కుదరడం లేదు.